మీట లేని హెడ్‌ఫోనులు: బ్యాటరీ తరుగుదల, నివారణోపాయములు

దీపము నార్పుటకును, వత్తిని తగ్గించుటకును భేదము కలదు. లాంతరు వత్తిని తగ్గించి పండుకొన్న యింటిలో తెల్లవారునప్పటికి నూనె కొంత తరిగి యుండును. ఆర్పి పండుకొన్న యింటిలో తరుగదు. నేడు మన యిండ్లలోనికి వచ్చిన తీగలేని హెడ్‌ఫోనులలో అనేకములు వత్తి తగ్గించిన లాంతరు వంటివి. వానిని పూర్తిగా నార్పుటకు మీట యుండదు. చెవినుండి తీసి బల్లపై నుంచినవాడు పని ముగిసిన దనుకొనును. రెండు దినములు గడచి చూచునప్పటికి బ్యాటరీ సగమై యుండును. ఇట్లగుటకు కారణమేమి, దీని నెట్లు నివారింపవచ్చును అను విషయమును విచారించుట యీ వ్యాసముయొక్క యుద్దేశము.

మన ప్రాంతమున కీ విషయముతో గల సంబంధమును ముందుగా చెప్పవలసి యున్నది. పరదరామి గుడియాత్తము నుండి చిత్తూరునకు పోవు మార్గమున తమిళనాటి సరిహద్దు నందున్నది. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడినప్పుడు గుడియాత్తము ఉత్తరార్కాడు జిల్లాయందే నిలిచెను. 1953లో ఆంధ్ర రాష్ట్ర మేర్పడినప్పుడును, 1960లో సరిహద్దులు సవరింపబడినప్పుడును ఈ భాగమున మార్పు కలుగలేదు. 2006వ సంవత్సరపు చట్టముచే తమిళనాటి పాఠశాలలలో ఒకటవ తరగతి మొదలుకొని క్రమక్రమముగా తమిళము నిర్బంధ పాఠ్యభాష యయ్యెను. ఇంట తెలుగు పలుకుచు, బడిలో తమిళము చదువుచు, తెలుగు లిపి నెరుగని బాలునకు పుస్తకముకంటె ముందు చెవియే తెలుగునకు ద్వారము. పద్యమైనను, పాటయైనను, పురాణ ప్రవచనమైనను ఫోనునుండి వాని చెవికి చేరవలసినదే. చూపు మందగించిన పెద్దలకును ఇదియే యాధారము. కావున హెడ్‌ఫోను నడుమ నాగిపోవుట చిన్న యిబ్బందివలె తోచినను, మనవంటివారికి అది కేవలము వినోదమునకు సంబంధించిన నష్టము కాదు. మరియు నిట్టి వస్తువులలో బ్యాటరీ లోపల అంటింపబడి యుండును. అది చెడినచో సామాన్యముగా వస్తువంతయు పారవేయవలసి వచ్చును.

ఇక యంత్ర స్వభావమును చూతము. ఫోనునకును హెడ్‌ఫోనునకును నడుమ తీగకు మారుగా నున్నది బ్లూటూత్ అను రేడియో పద్ధతి. పదవ శతాబ్దమునాటి డెన్మార్కు రాజగు హరాల్డు బిరుదును బట్టి దీనికా పేరు వచ్చెను. దీనిని వ్యాపింపజేయుటకు 1998లో కొన్ని సంస్థలు కూటమిగా నేర్పడినవి. ఇది 2.4 గిగాహెర్ట్సుల ప్రాంతమున పని చేయును. చెవికి తగిలించుకొన్న తక్షణమే ధ్వని వినవలెనన్నచో, హెడ్‌ఫోనులోని రేడియో భాగము ఎంతో కొంత మేలుకొని ఫోను పిలుపునకు ఎదురుచూచుచుండవలెను. ఈ సౌకర్యము కొరకే పెక్కుమంది తయారీదారులు మీటను తొలగించిరి.

అందుచే నిట్టి హెడ్‌ఫోనునకు మూడవస్థలు కలవు: వినుచుండుట, ఎదురుచూచుట, గాఢనిద్ర. వీని భేదమును ఒక లెక్కచే గ్రహింపవచ్చును. బ్యాటరీ 600 మిల్లీ ఆంపియర్ గంటలదని యనుకొందము. వినునప్పుడు 30 మిల్లీ ఆంపియర్లు వ్యయమైనచో 20 గంటలు పని చేయును. ఎదురుచూచునప్పుడు 6 వ్యయమైనచో 100 గంటలలో, అనగా నాలుగు దినములు దాటిన కొద్ది గంటలకే, బ్యాటరీ వట్టిపోవును. గాఢనిద్రలో 0.06 మాత్రమే వ్యయమైనచో 10,000 గంటలు, అనగా నొక సంవత్సరమునకు మించి నిలుచును. ఈ యంకెలు దృష్టాంతమునకై గ్రహించినవే యైనను విషయము స్పష్టము: నష్టము వినుటవలన కాదు, గాఢనిద్రకు పోకుండుటవలన కలుగుచున్నది. కావున మనము వెదకవలసినది మీటను కాదు, నిద్రపుచ్చు మార్గమును.

ఆ మార్గము వస్తువును బట్టి మారును. ఇయర్‌బడ్లకు వాని పెట్టెయే మీట. మూత మూసినప్పుడు అందలి అయస్కాంతమును ఒక చిన్న సాధనము గుర్తించును. 1879లో ఎడ్విన్ హాల్ కనుగొన్న ధర్మమే దీనికి సాధారణముగా నాధారము. మెడకు వేసికొను రకములు కొన్నింట రెండు కొనలను అంటించినచో అయస్కాంతమువలన నవి నిద్రించును. మరికొన్నింట కదలిక లేకుండుటయే సంకేతము. 2020 డిసెంబరులో వెలువడిన యాపిల్ సంస్థవారి ఎయిర్‌పాడ్స్ మాక్స్ దీనికి ప్రసిద్ధోదాహరణము. దానికి మీట లేదు. తీసి కదలక యుంచినచో అయిదు నిమిషములకు అల్పవ్యయ స్థితికి పోవును. దాని తొడుగులో నుంచినచో 18 గంటలకును, తొడుగు లేక కదలకున్నచో 72 గంటలకును బ్లూటూత్ సైతము ఆగునని ఆ సంస్థవారే తెలిపియున్నారు. ఇంత పేరు గల వస్తువునకే ఇన్ని గంటలు పట్టినప్పుడు, మనము కొన్న దాని పద్ధతిని దానితో వచ్చిన కాగితమున చదివి తెలిసికొనుట యెంత యవసరమో ఊహింపవచ్చును.

దోషమెచ్చట నున్నదో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష యొకటి కలదు. రాత్రి పండుకొనునప్పుడు ఫోనులో కనబడు బ్యాటరీ శాతమును వ్రాసికొని, పది గంటలు గడచిన పిమ్మట మరల చూడవలెను. ఒకటి రెండు శాతములు తరిగినచో చింతింపనక్కర లేదు. ఇరువది తరిగినచో గంటకు రెండు చొప్పున పోవుచున్నదని యర్థము, అది నిద్రింపలేదు. అట్లు గాక రాత్రి తరుగుదల లేకయే వినుకాలము మాత్రము మునుపటికంటె సగమైనచో, బ్యాటరీయే ముసలిదైనది. మొదటిదానికి మన యలవాట్లను దిద్దుకొనుట మందు. రెండవదానికి బ్యాటరీ మార్పు తప్ప వేరు మందు లేదు.

నిద్ర పట్టకుండుటకు కారణములు సామాన్యముగా నివి. మొదటిది, పెట్టెలోని లోహపు మొనలపై దుమ్ము, చెమట, గులిమి పేరుకొనుట. మొన తగులనిచో ఇయర్‌బడ్డు తాను పెట్టెలో నున్నట్లే యెరుగక ఫోనుతో కలిసియే యుండును. వారమున కొకసారి పొడి దూదితో తుడిచిన చాలును, నీరు తగులరాదు. రెండవది, కదలిక. సంచిలో పడవేసి బస్సులో వేలూరునకు పోయి వచ్చినచో, కదలికచే మేలుకొను హెడ్‌ఫోను దారి పొడవునను మేలుకొనియే యుండవచ్చును. దానిని తొడుగులో నుంచుటయే యుక్తము. మూడవది, రెండు యంత్రములతో జతపడుట. ఫోనులో బ్లూటూత్ ఆపినను ఇంటిలోని టీవీయో, కంప్యూటరో దానిని పట్టుకొనును. ఉపయోగింపని జతలను తొలగింపవలెను. నాలుగవది, తనంతట తానారిపోవు గడువు. తయారీదారుల యాప్‌లో నీ గడువును మార్చు వీలున్నచో పది పదునైదు నిమిషములకు కుదించుట మేలు. బయటి చప్పుడు నడచు పద్ధతిని నిశ్శబ్దమైన యింటిలో నాపినచో వినుకాలమును కొంత పెరుగును.

ఇంతవరకు చెప్పినది రోజువారీ తరుగుదల. బ్యాటరీ ఆయువునకు గొప్ప శత్రువు వేడిమి. ఇందుండు లిథియం అయాను బ్యాటరీ 1991లో సోనీ సంస్థద్వారా విపణిలోనికి వచ్చినది. దాని నిర్మాణమునకు మూలపురుషులైన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో నోబెల్ బహుమాన మొసగబడెను. ఎంత గొప్పదైనను అది మండుటెండ కోర్వదు. 35 డిగ్రీలకు మించిన వేడిలో వాడవలదని తయారీదారులు చెప్పుదురు. వేలూరు ప్రాంతమున వేసవిలో 40 డిగ్రీలు దాటుట మన మెరిగినదే. రేకుల యింటి అటకపైనను, ఎండలో నిలిపిన మోటారుసైకిలు పెట్టెలోను దాని నుంచరాదు. అట్టిచోట చార్జి అసలే పెట్టరాదు. చాలకాలము వాడనిచో పూర్తిగా నింపియు, పూర్తిగా వట్టిపోనిచ్చియు దాచక, సగము చార్జితో చల్లనిచోట నుంచి రెండు మూడు నెలల కొకసారి చూచుకొనవలెను. వట్టిపోయి నెలలు గడచిన బ్యాటరీ మరల చార్జి గైకొనకపోవచ్చును.

గుడియాత్తము అగ్గిపెట్టెల పరిశ్రమకు ప్రసిద్ధము. పుల్లలో నిద్రించు నిప్పు విలువ యిచ్చటివారికి వేరుగా చెప్పనక్కర లేదు. బ్యాటరీయు నట్టిదే. ఉబ్బినదానిని గుచ్చరాదు, నొక్కరాదు, చార్జి పెట్టరాదు, చెత్తతో కలుపరాదు. 2022వ సంవత్సరపు భారత ప్రభుత్వ బ్యాటరీ వ్యర్థ నిర్వహణ నియమములు వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించు బాధ్యతను తయారీదారులపై నుంచినవి. ఐరోపా సమాఖ్యవారు 2023లో చేసిన శాసనము ప్రకారము 2027 ఫిబ్రవరినుండి ఇట్టి చిన్న యంత్రముల బ్యాటరీలు, కొన్ని మినహాయింపులతో, వాడువాడే తీసి మార్చుకొనునట్లుండవలెను. కొనునప్పుడు మనమును బ్యాటరీ మార్చు వీలున్నదా, ఆర్పు మీట యున్నదా యని అంగడివానిని అడుగుట మంచిది. అడుగువారు పెరిగినప్పుడే చేయువారును చేయుదురు.

కొన్న వస్తువు విషయమున మాత్రము మూడు మాటలు గుర్తుంచుకొనిన చాలును: పెట్టెలో సరిగా కూర్చుండబెట్టుట, చల్లగా నుంచుట, రాత్రికిని ఉదయమునకును గల భేదమును అప్పుడప్పుడు లెక్కించుట. వీనికి రూకయు ఖర్చు లేదు. ఇంటిలో పెద్దలకు వినికిడి సాధనముగను, పిల్లలకు తెలుగు వినిపించు సాధనముగను ఉన్న హెడ్‌ఫోను ఈ పాటి శ్రద్ధచే మరికొన్ని యేండ్లు పని చేయగలదు.