నీరు మళ్లీ వస్తుంది, జాగా రాదు

బాన్సువాడ చుట్టూ రెండు కార్లు వరి పండుతోందంటే అది నిజాంసాగర్ కాల్వ పుణ్యమే. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ చీఫ్ ఇంజనీరుగా ఉండగా 1923లో పనులు మొదలై 1931లో పూర్తయ్యాయి. మంజీరకు అడ్డంగా కట్టిన ఆ జలాశయంలో అప్పట్లో 29.7 టీఎంసీల నీరు పట్టేది. ఆయకట్టు లక్ష్యం 2.75 లక్షల ఎకరాలు. 1970లు వచ్చేసరికి అందులో పన్నెండు టీఎంసీలు నిలపడమే గగనమైంది. కట్ట చెక్కుచెదరలేదు, వరద ఆగిపోలేదు. నీరు నిలవాల్సిన జాగాను మట్టి ఆక్రమించింది.

సుస్థిరత అంటే ఏమిటో తెలుసుకోవాలంటే ఈ జలాశయాన్ని చూడాలి.

ఆ భావనకు పేరు పెట్టింది జర్మనీలో అడవుల గురించి బెంగపడిన మనిషి. హాన్స్ కార్ల్ ఫాన్ కార్లోవిట్జ్ సాక్సనీ రాజ్యంలో, ఫ్రైబర్గ్‌లో, గనుల పాలన చూసేవాడు. వెండి ఖనిజం కరిగించే కొలుములు అడవులకు అడవుల్నే మింగేస్తున్నాయి. ఏటా ఎంత పెరుగుతుందో అంతే నరకాలి, నరికిన చోట మళ్లీ నాటాలి అని 1713లో ఆయన పుస్తకం రాశాడు. ఎప్పటికీ ఆగకుండా సాగే వాడకం అన్న అర్థంలో అందులో ఒక జర్మన్ మాట వాడాడు. ఇంగ్లీషు ‘సస్టైనబుల్’కు మూలం మాత్రం లాటిన్: కింద నుంచి పట్టి నిలపడం అని దాని అర్థం. 1987లో నార్వే ప్రధాని గ్రో హార్లెమ్ బ్రంట్‌లాండ్ నాయకత్వంలోని ఐక్యరాజ్యసమితి సంఘం, రేపటి తరాల అవసరాలకు గండి కొట్టకుండా నేటి అవసరాలు తీర్చుకోవడమే సుస్థిర అభివృద్ధి అని నిర్వచించింది. మంచి మాటే. కానీ నాకు కార్లోవిట్జ్ సూత్రమే ఎక్కువ పనికొచ్చేదిగా తోస్తుంది, ఎందుకంటే దాన్ని కొలిచి చూడొచ్చు.

నిజాంసాగర్‌ను అలా కొలిస్తే ఏం తేలుతుంది? వాన కురిస్తే నీరు మళ్లీ వస్తుంది. కానీ మహారాష్ట్రలోని బీడ్ జిల్లా బాలాఘాట్ గుట్టల్లో పుట్టి, లాతూర్, బీదర్‌ల నల్లరేగడి మీదుగా వచ్చే మంజీర వట్టి నీటిని తేదు. జలాశయానికి పైన దాదాపు 21,700 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతం ఉంది. తొలకరికి పైరు ఇంకా నేలను కప్పదు, దున్నిన మట్టి వానకు కొట్టుకొస్తుంది. పారే నీటికి మట్టిని మోసే బలం వేగం వల్లే వస్తుంది. జలాశయంలోకి రాగానే వేగం తగ్గుతుంది. ఇసుక ఎగువ మొదట్లోనే దిగిపోతుంది, సన్నని ఒండ్రు కట్ట దాకా వచ్చి నెమ్మదిగా పేరుకుంటుంది. ఏటా 530 ఎకరా అడుగుల పూడిక చేరుతుందని మొదట అంచనా వేశారు. తర్వాత కొలిస్తే తేలింది 8,725. పదహారు రెట్లు! అంటే మూడేళ్లు తిరక్కుండానే ఒక టీఎంసీ జాగా పోతూ వచ్చింది.

నీటిమట్టాన్ని 1,405 అడుగులకు పెంచి సామర్థ్యాన్ని 17.8 టీఎంసీలకు తెచ్చారు. దాంతో కొంత కాలం కలిసొచ్చింది, అంతే. మట్టి రావడం దాంతో ఆగదు.

తవ్విపోయొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. ఒక టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు. పది ఘనపు మీటర్లు పట్టే టిప్పర్లతో ఎత్తితే 28 లక్షల ట్రిప్పులు. అంత మట్టి పోయడానికి చోటేది?

ఊరి చెరువు దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. ఎండాకాలం చెరువు అడుగు తేలగానే రైతులు ఒండ్రును బండ్ల మీద చేలకు తోలుకునేవారు. చెరువుకు లోతు, చేనుకు సారం. పైనుంచి కొట్టుకొచ్చిన మట్టి మళ్లీ పొలానికే చేరేది. వందల ఏళ్లు మన చెరువులు బతికింది ఆ చాకిరీ వల్లే. చాకిరీ ఆగిన చోట అవీ పూడిపోయాయి. చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం 2015 మార్చిలో మొదలైంది కూడా ఇప్పటి కామారెడ్డి జిల్లాలోని సదాశివనగర్ చెరువులోనే.

పెద్ద జలాశయానికి మందు వేరు. ఈజిప్టులో 1902లో పూర్తయిన పాత ఆస్వాన్ ఆనకట్టకు 180 తూములు పెట్టారు. ఒండ్రుతో వచ్చే వరదను వాటిగుండా వదిలేసి, వరద తేటపడ్డాకే నీటిని నిలిపేవారు. మనకు అంతకంటే ముఖ్యమైన పని ఎగువన ఉంది. వాలుకు అడ్డంగా దున్నడం, ఒడ్లు వేయడం, గట్ల మీద గడ్డి, వాగుల మీద చిన్న కట్టలు. ఆ పని మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ మూడు రాష్ట్రాల చేలల్లోనూ జరగాలి. అక్కడి రైతుకూ అది లాభమే, పోతున్నది అతని పై మట్టే కదా.

జలాశయంలో ఇవాళ ఎన్ని టీఎంసీలున్నాయో వానాకాలమంతా పత్రికలు రోజూ వేస్తాయి. లోపల ఎంత పూడిక చేరిందో మాత్రం రైతు చెవిన పడదు. ఐదేళ్లకోసారైనా దాన్ని కొలిచి, ఆ అంకెను బాన్సువాడ, బోధన్ ఆయకట్టు రైతుల ముందు పెట్టాలి. పెట్టమని రైతులు అడగాలి.