కనిపించని తెల్లపొడి

పటికబెల్లం పలుకు ఒకటి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. గాజులాగా ఉంటుంది. దాన్నే నూరితే తెల్లని పొడి అవుతుంది. ఆ పొడిని నీళ్ళలో కరిగిస్తే తెలుపు మాయం! పదార్థం ఒకటే కదా, మరి ఈ తెలుపు ఎక్కడినుంచి వచ్చింది, ఎక్కడికి పోయింది?

వెలుతురు ఒక పదార్థం నుంచి మరొకదానిలోకి పోయేటప్పుడు వంగుతుంది. కొంత వెనక్కు మళ్ళుతుంది. పొడిలో లెక్కలేనన్ని పలుకులున్నాయి గనుక, వెలుతురు వాటికి తగిలి అన్ని వైపులకూ చెదురుతుంది. అదే తెలుపు. నీళ్ళలో కరిగిన పంచదార విడివిడి అణువులైపోతుంది. అంత చిన్నవాటిని వెలుతురు దాదాపు లెక్కచేయదు.

ఒక పదార్థం వెలుతురును ఎంతగా వంచగలదో తెలిపే అంకెను వక్రీభవన గుణకం అంటారు. నీటికి అది 1.33, మామూలు గాజుకు సుమారు 1.5, వజ్రానికి 2.42. ప్లాస్టిక్కులలో చాలావాటికి 1.7 లోపే.

దీనివల్ల ఒక నష్టం ఉంది. ఎల్.ఇ.డి. దీపంలో వెలుతురు పుట్టే పలుకుకు గుణకం ఎక్కువ. దానిపైనుండే ప్లాస్టిక్కుకు తక్కువ. అందుచేత ఏటవాలుగా వచ్చిన వెలుతురు బయటికి రాలేక లోపలికే తిరిగిపోతుంది. ప్లాస్టిక్కు గుణకం పెంచితే ఎక్కువ వెలుతురు బయటపడుతుంది.

టైటానియం డయాక్సైడు గుణకం సుమారు 2.5 నుంచి 2.7 దాకా ఉంటుంది. దాన్ని ప్లాస్టిక్కులో కలిపితే సరి! కాని గోడల రంగుకు తెలుపునిచ్చేది ఆ పొడే. ప్లాస్టిక్కు పాలలా తెల్లబడిపోదా?

ఇక్కడే ఉంది కిటుకు. మిల్లీమీటరులో పది లక్షలవ వంతు ఒక నానోమీటరు. మనకు కనిపించే వెలుతురు అలల పొడవు సుమారు 400 నుంచి 700 నానోమీటర్లు. రంగులోని రేణువులు 200, 300 నానోమీటర్లుంటాయి. చెరువులో అల పడవకు తగిలితే చెదురుతుంది. గడ్డిపరకను దాటుకుని సాగిపోతుంది. శాస్త్రజ్ఞులు రేణువులను 10 నానోమీటర్ల లోపు తయారుచేసి ప్లాస్టిక్కులో కలిపారు. పలచని పొర గాజులా తేటగా వచ్చింది, గుణకం 1.8 దాటింది!

అయితే ఇది తేలిక పని కాదు. ఉప్మాలో రవ్వ ఉండకట్టినట్టు ఈ రేణువులు కూడా ఉండలు కడతాయి. ఉండ పెద్దదైతే పొర మసకబారుతుంది. అందుకని ఒక్కొక్క రేణువుకూ ప్లాస్టిక్కుతో కలిసిపోయే అణువుల తొడుగు వేస్తారు. మరీ ఎక్కువ పొడి కలిపితే పొర పెళుసై పగులుతుంది కూడా.

వెలుతురును బాగా వంచాలి, తేటగా ఉండాలి, పగలకూడదు. ఈ మూడూ ఒక్క పొరలో కుదర్చడానికే ప్రయోగశాలలలో ఇంకా పాటుపడుతున్నారు.