గాలి చాటు పందెం

మానుకోట నుంచి తొర్రూరు పోయే దారిలో, బడి వదిలే వేళకు ఈ దృశ్యం కొత్తేమీ కాదు. మిర్చి బస్తాలేసుకుని ట్రాక్టర్ పోతుంటుంది. ట్రాలీ వెనక తలుపును ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చెయ్యి హ్యాండిల్ మీద పెట్టి, పెడల్ తొక్కకుండానే ఒక పిల్లగాడు సైకిల్ మీద సాగిపోతుంటాడు. "చెయ్యి ఇడువురా, కిందవడి సస్తవ్" అని వెనక బైకాయన అరిస్తే వదిలేస్తాడు. బైకు దాటిపోగానే మళ్లీ పట్టుకుంటాడు.

2015 ఆగస్టులో స్పెయిన్‌లో ఇదే పని చేసినవాడు విన్సెంజో నిబాలీ. అంతకు ముందు ఏడాదే టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన ఇటలీ రైడర్. వుయెల్టా రేసు రెండో రోజున, దారిలో కొందరు కిందపడిన గొడవలో వెనకబడ్డాడు. ముందున్న గుంపును అందుకోవాలని తన జట్టు కారును పట్టుకున్నాడు. కారు ఒక్క ఊపున ముందుకు దూకింది, పక్కనున్న రైడర్లు నిలబడిపోయినట్టు వెనకే ఉండిపోయారు. హెలికాప్టర్‌లోని టీవీ కెమెరా అంతా చూసింది. ఆ రోజే ఆయన్ని రేసు నుంచి పంపించేశారు.

టూర్ విజేతకు ఇంత చిల్లర ఆశ ఎందుకు పుట్టింది? దానికి జవాబు గాలిలో ఉంది. నెమ్మదిగా తొక్కేటప్పుడు గాలి ఉన్నట్టే తెలియదు. చదును రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో ఒంటరిగా పోయే రైడర్ శ్రమలో మాత్రం 80 శాతానికి పైగా గాలిని చీల్చడానికే పోతుంది. గాలి నిరోధం వేగపు వర్గంతో పెరుగుతుంది, దాన్ని నెట్టుకుపోవడానికి కావలసిన సామర్థ్యం ఘనంతో పెరుగుతుంది. వేగం 20 నుంచి 40కి పెరిగితే గాలికి పెట్టే ఖర్చు ఎనిమిది రెట్లు.

ఆ ఖర్చు తగ్గించుకునే ఉపాయం ఇంకొకరి వెనక నక్కడం. బెర్ట్ బ్లాకెన్ అనే శాస్త్రవేత్త బృందం 2018లో 121 మంది రైడర్ల గుంపును కంప్యూటర్‌లోనూ విండ్ టన్నెల్‌లోనూ పరీక్షించింది. గుంపు నడుమ, వెనక భాగంలో ఉన్నవారి మీద పడే గాలి నిరోధం ఒంటరి రైడర్ మీద పడేదానిలో 5 నుంచి 10 శాతమేనని తేలింది. టీవీ మోటార్‌సైకిల్ రెండున్నర మీటర్ల ముందు పోతుంటే నిరోధం దాదాపు సగానికి పడిపోతుంది. అది 30 మీటర్ల దూరంలో ఉన్నా 12 శాతం మేర తగ్గుతుంది. ఇంత లాభం పక్కనే ఉన్నప్పుడు, అరమీటరు ఎడంలో పోవడం పిచ్చితనమని ఏ రైడరూ అనుకోడు.

గాలి చాటుకు ఇంకో ముఖం కూడా ఉంది. జనగామ మీదుగా పోయే 163వ జాతీయ రహదారి మీద గానీ, బొగ్గు టిప్పర్లూ గోదావరి ఇసుక లారీలూ తిరిగే భూపాలపల్లి దారిలో గానీ సైకిల్ తొక్కినవాళ్లకు అది ఒంటికే తెలుసు. దాటిపోయే లారీ మూతి మొదట గాలిని పక్కకు తోస్తుంది, సైకిల్ రోడ్డు అంచుకు జరుగుతుంది. మనిషి తెలియకుండానే లారీ వైపు ఒరిగి ఆ తోపును కాసుకుంటాడు. మరుక్షణం లారీ పక్కన పీడనం తగ్గి, తోపు కాస్తా లాగుడవుతుంది. అప్పటికే ఒరిగి ఉన్న మనిషి అటే పోతాడు.

గుంపులో జరిగే ప్రమాదాల్లో ఎక్కువగా చెప్పుకోవలసింది ముందు చక్రం సంగతి. సైకిల్ నిలబడేది హ్యాండిల్ వల్ల. ఎటు ఒరిగితే అటు చక్రాన్ని కొద్దిగా తిప్పి, దాన్ని మళ్లీ మన బరువు కిందికి తెచ్చుకుంటాం. నిమిషానికి ఎన్నిసార్లు ఇలా సర్దుకుంటామో మనకే తెలియదు. ఇప్పుడు ముందు రైడర్ వెనక చక్రానికి కుడి పక్కన మన ముందు చక్రం ఒక జానెడు లోపలికి పోయిందనుకుందాం. అతను గుంత తప్పించడానికి కుడికి జరుగుతాడు. రెండు టైర్లూ రాసుకుంటాయి. మన చక్రం అతని చక్రానికి ఆనుకుని ఎడమ వైపు తిరగలేని స్థితిలో పడుతుంది. మనం ఒరిగేది సరిగ్గా ఎడమకే. సర్దుకునే దారి మూసుకుపోయి అర సెకనులో నేల మీద ఉంటాం. అతని వెనక చక్రానికి మాత్రం తోవ చూపే పని లేదు. చిన్న కుదుపు తగిలినట్టు అనిపించి అతను ముందుకు సాగిపోతాడు.

అంటే దారి మార్చినవాడు కాకుండా వెనకవాడు పడతాడు. రోడ్ రేసుల్లో అడ్డదిడ్డంగా తొక్కే అలవాటు అంత తేలిగ్గా పోకపోవడానికి ఇదీ ఒక కారణమని నా అనుమానం. తప్పుకు శిక్ష పక్కవాడి ఒంటి మీద పడుతుంటే భయం ఎక్కడినుంచి వస్తుంది?

2020 ఆగస్టు 5న పోలండ్‌లోని కటొవీట్సెలో లోకమంతా చూసింది ఇదే. పల్లంలో పోయే ఆఖరి స్ప్రింట్, గంటకు 80 కిలోమీటర్ల వేగం. డైలన్ గ్రూనవెగన్ తన దారి వదిలి కుడికి జరిగాడు. పక్కన దూసుకొస్తున్న ఫాబియో యాకొబ్సన్‌కు బ్యారికేడ్ తప్ప చోటు మిగల్లేదు. బ్యారికేడ్లు విడిపోయి ఎగిరిపోయాయి. యాకొబ్సన్‌ను మందులతో కోమాలో ఉంచి బతికించారు. గ్రూనవెగన్‌కు తొమ్మిది నెలల నిషేధం పడింది. 2022 టూర్ డి ఫ్రాన్స్‌లో రెండో రోజు పందెం యాకొబ్సన్ గెలిస్తే, మూడో రోజు గ్రూనవెగన్ గెలిచాడు.

అందరూ వేలెత్తి చూపింది గ్రూనవెగన్‌నే. విడిపోయే బ్యారికేడ్లు పెట్టి, పల్లంలో ముగింపు గీత గీసి, ఇద్దరు స్ప్రింటర్లను అటు పరుగెత్తించినవాళ్లు అంతగా మాట పడలేదు. 80 కిలోమీటర్ల వేగంలో ఉన్న శరీరానికి 25 మీటర్ల ఎత్తు నుంచి, అంటే సుమారు ఎనిమిదో అంతస్తు నుంచి పడితే వచ్చేంత శక్తి ఉంటుంది. యూరప్‌లో సైకిల్ హెల్మెట్‌ను పరీక్షించేది మాత్రం ఒకటిన్నర మీటరు ఎత్తు నుంచి పడేసే వేగంతో. తారు మీద జారుకుంటూ పోతే ఆ శక్తి రాపిడిలో కొంచెం కొంచెంగా ఖర్చవుతుంది. తోలు ఊడుతుంది, భుజం ఎముక విరుగుతుంది, చాలాసార్లు మనిషి దక్కుతాడు. కదలని వస్తువేదైనా ఒక్కసారిగా ఆపితే మటుకు కష్టం. 1992 ఒలింపిక్స్ స్వర్ణ విజేత ఫాబియో కాసర్తెల్లి 1995 జులై 18న టూర్‌లో, పిరనీస్ కొండ దిగుతూ పడి, రోడ్డు పక్కనున్న కాంక్రీటు దిమ్మకు తల తగిలి చనిపోయాడు. తలకు హెల్మెట్ లేదు. అది తప్పనిసరి అయింది 2003లో, కజకిస్తాన్ రైడర్ ఆంద్రే కివిలెవ్ మరణం తర్వాత.

మన దగ్గర ఆ దిమ్మల పని చేసేవి వడ్ల చుట్టూ పెట్టే రాళ్లు. కోతల కాలంలో జనగామ పల్లెల్లో సగం రోడ్డు వడ్లకే పోతుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం మించితే తీసుకోరు. కల్లం లేని రైతుకు ఎండకు కాగిన నల్లటి తారు కన్నా మంచి చోటు దొరకదు. పరదా ఎగిరిపోకుండా, బండ్లు గింజల మీదికి ఎక్కకుండా చుట్టూ పెద్ద పెద్ద రాళ్లు పేరుస్తారు. గింజల మీద టైరు జారితే దెబ్బలతో పోవచ్చు, చీకట్లో ఆ రాయికి తల తగిలితే అంతే. పోలీసులు ఏటా హెచ్చరిస్తారు. తేమ లెక్క మారదు, కల్లాలు చాలవు, రాళ్లు మళ్లీ రోడ్డెక్కుతాయి.

రేసుల్లోనూ నిబంధనల కథ దాదాపు ఇంతే. 2016 టూర్‌లో క్రిస్ ఫ్రూమ్ సీటు దిగి దాని ముందున్న పై గొట్టం మీద కూర్చుని, ఛాతీని హ్యాండిల్‌కు ఆనించి పెరసూర్ద్ కొండ దిగి 13 సెకన్ల తేడాతో గెలిచాడు. దాంతో అది ఫ్యాషనైంది. అలా కూర్చుంటే బరువంతా ముందు చక్రం మీదికి పోతుంది, బ్రేకు గట్టిగా పడితే తలకిందులవుతాం. బ్లాకెన్ లెక్కల్లో అది అన్నిటికన్నా వేగమైన భంగిమ కూడా కాదు. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2021 ఏప్రిల్ నుంచి దాన్ని నిషేధించింది. 2025 నుంచి పసుపు కార్డులు పెట్టింది. ఒకే రేసులో రెండు పడితే ఇంటికి, ఆపైన ఏడు రోజుల సస్పెన్షన్. స్ప్రింట్ ఇంకా నడుస్తుండగానే తోటివాడి గెలుపుకు గుంపు మధ్యలో చేతులెత్తినా కార్డే.

రైడర్లు ఈలోగా గాలిని తప్పించుకునే ఇంకో దారి వెతికారు. హ్యాండిల్ ఎంత ఇరుకైతే భుజాలు అంత ముడుచుకుంటాయి, గాలికి తగిలే ఒళ్లు అంత తగ్గుతుంది, సైకిల్‌ను అదుపు చేయడం మాత్రం అంత కష్టమవుతుంది. అందుకని 2026 నుంచి రోడ్ రేసుల్లో హ్యాండిల్ వెడల్పు 400 మిల్లీమీటర్లకు తగ్గకూడదన్నారు. భుజాలు చిన్నవైన మహిళా రైడర్లు వెంటనే అభ్యంతరం చెప్పారు. వాళ్లకు ఆ కొలత ఒంటికి సరిపోదు, వెడల్పైన హ్యాండిల్‌తో సైకిల్ అదుపు తమకే తప్పుతుందన్నది వాళ్ల వాదన.