హుటాన్ మెలింటాంగ్ నుండి విశాఖకు ఎంత దూరం?

పెద్దలకు సుస్తీగా ఉన్నదని ఊరి నుండి కబురు అందిన రోజున, హుటాన్ మెలింటాంగ్‌లోని తెలుగు ఇంట అందరి నోటా వచ్చే ప్రశ్న ఒక్కటే: ఎన్ని గంటలలో చేరగలము? కౌలాలంపూర్‌లో రాత్రి 10 గంటలకు బయలుదేరి విశాఖలో 11.30కు దిగునట్లు టికెట్టుపై ఉన్నదనుకొందాము. అయితే ప్రయాణం గంటన్నరేనా?

మొదట దూరం సంగతి చూద్దాము. బంతిపై రెండు చుక్కల నడుమ దారాన్ని బిగించి పట్టుకొనిన, అదే వాటి మధ్య అతి దగ్గరి మార్గం. దీనిని మహావృత్త మార్గమందురు. ఈ లెక్కన సెపాంగ్ విమానాశ్రయం నుండి విశాఖకు సుమారు 2,615 కిలోమీటర్లు. హైదరాబాదుకు సుమారు 3,010. నిజానికి హుటాన్ మెలింటాంగ్ విశాఖకు ఇంకను దగ్గర, సుమారు 2,470 కిలోమీటర్లే! విమానం ఎక్కుటకు మనము వాయవ్యాన ఉన్న స్వస్థలానికి వీపు చూపి, ఆగ్నేయంగా 150 కిలోమీటర్లు పోవలసి వచ్చుచున్నది.

ఇక కాలం. జెట్ విమానం గంటకు సుమారు 830 కిలోమీటర్లు పోవును. ఎగురుటకు, దిగుటకు అదనంగా అరగంట కలిపిన, విశాఖకు నాలుగు గంటలకు కాస్త తక్కువ. గాలిని బట్టి ఇది కొంత మారును. వానకాలంలో దక్షిణ భారతంపై చాల ఎత్తున తూర్పు నుండి వేగంగా వీచే గాలి ప్రవాహాన్ని 1958లో వివరించినవారు మన తెలుగు శాస్త్రజ్ఞులు పి. కోటేశ్వరం గారే. ఎదురుగాలి ప్రయాణాన్ని పొడిగించును, వెనుకగాలి తగ్గించును.

మరి టికెట్టులో రెండున్నర గంటలు ఎచ్చటికి పోయినవి? బయలుదేరు వేళ మలేసియా గడియారానిది, చేరు వేళ భారతదేశపు గడియారానిది. తిరుగు ప్రయాణంలో అదే నాలుగు గంటలు ఆరున్నరగా కనబడును. విచిత్రమేమనగా, ఈ 150 నిమిషాల తేడాలో సూర్యునిది సగం కూడ లేదు. భూమి ఒక డిగ్రీ తిరుగుటకు 4 నిమిషాలు పట్టును. హుటాన్ మెలింటాంగ్‌కు, విశాఖకు నడుమ రేఖాంశ భేదం సుమారు 17.7 డిగ్రీలు, అనగా 71 నిమిషాలు మాత్రమే. తక్కినది మనుష్యుల నిర్ణయం. సబా, సరవాక్‌లతో ఒకే వేళ ఉండవలెనని 1982 జనవరి 1న ద్వీపకల్పంలో గడియారాలను అరగంట ముందుకు జరిపిరి. అందుచేతనే ఇచ్చట మిట్టమధ్యాహ్నం ఒంటిగంట దాటిన పిమ్మట వచ్చును.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు. ఇంటి నుండి సెపాంగ్‌కు మూడు గంటలు, అచ్చట నిరీక్షణ మూడు, విమానంలో నాలుగు, తనిఖీలకు ఒకటి, విశాఖ నుండి శ్రీకాకుళానికి రెండున్నర అనుకొనిన, మొత్తం పదమూడున్నర గంటలు. సాయంత్రం 4కు ఇల్లు వదలినవారు భారత కాలమానం ప్రకారం తెల్లవారుజామున 3కు చేరుదురు. కావున ఊరిలో కాచుకొని ఉన్నవారికి టికెట్టులోని వేళను గాక, ఈ వేళను, వారి గడియారం ప్రకారం తెలుపవలెను.

మన తాతముత్తాతలు ఆవిరి ఓడలలో రోజుల తరబడి దాటిన సముద్రమిది. వారికి కడచూపు దక్కుట అరుదు. మనకు ఆ అవకాశమున్నది. గంటలను సరిగా లెక్కించుటయే మిగిలియున్నది.