అమ్మ ఫోన్ మాట అమ్మకే వినబడాలంటే...

మా పెద్దమ్మకి కూతురు ఫోన్ చేసిందంటే వీధి వీధికంతా తెలిసిపోయేది. చెవి సరిగా వినబడదు కాబట్టి స్పీకర్ పెట్టి మాట్లాడేది మరి! హాల్లో పేపరు చదువుకుంటున్న పెదనాన్న, వంటింట్లో కోడలు, గుమ్మంలో పాలబ్బాయి... అందరి చెవుల్లోనూ అదే మాట. "బాగున్నావా తల్లీ?" అని పెద్దమ్మ అరిచేది. "బాగున్నానమ్మా" అనేది కూతురు. అంతమంది వింటుంటే ఇంకేమంటుంది? అత్తవారింటి సంగతి ఏదో చెప్పుకుందామని చేసిన ఫోన్, కూరగాయల ధరలతో ముగిసిపోయేది.

వినికిడి తగ్గిందనగానే ఇంట్లోవాళ్లకి గుర్తొచ్చేది టీవీ సౌండు. అది పెంచుకుంటే సరిపోతుంది. కానీ గుట్టుగా నాలుగు మాటలు మాట్లాడుకునే వీలు పోతే ఎలా? లేడీ డాక్టరు రిపోర్టు గురించి చెప్పినా, బ్యాంకు వాళ్లు ఖాతా సంగతి అడిగినా అంతా నలుగురి మధ్యే. వినికిడి యంత్రం కొనేటప్పుడు మగవాళ్లు రేటు, సైజు అడుగుతారు గానీ ఈ సంగతి అడిగేవాళ్లు తక్కువ.

ఫోన్లో మాట నేరుగా చెవిలోని యంత్రంలోకే వచ్చేసే రకాలు మార్కెట్లోకి వచ్చి పదేళ్లు దాటింది. పెద్దమ్మకీ కొడుకులిద్దరూ కలిసి అలాంటి జతే కొనిపెట్టారు. షాపులో చిన్నకొడుకు ఐఫోన్‌తో కలిపి చూపించారు. ఎంత స్పష్టంగా వినబడిందో, ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. తీరా ఇంటికొచ్చి తన ఫోన్‌తో కలిపితే... ఊహూఁ! యాప్ తెరుచుకుంటుంది, సౌండు పెరుగుతుంది, తగ్గుతుంది. ఫోన్ మాట మాత్రం చెవిలోకి రాదు. ఆవిడది ఆండ్రాయిడ్ ఫోన్. షాపు వాళ్లనడిగితే "ఫోన్ మార్చుకోండమ్మా" అని తేల్చేశారు. ఆ ముక్క డబ్బు కట్టకముందు చెబితే ఎంత బాగుండేది!

అసలు చిక్కు 'బ్లూటూత్' అన్న మాటలోనే ఉంది. డబ్బా మీద ఆ పేరుంటే ఏ ఫోన్‌తోనైనా కలుస్తుందనుకుంటాం. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన అందరూ చుట్టాలవుతారా? ఇందులోనూ పద్ధతులు చాలా ఉన్నాయి. ఐఫోన్‌ది సొంత పద్ధతి, 'మేడ్ ఫర్ ఐఫోన్' అంటారు. దానికి కుదిరే వినికిడి యంత్రాలు 2014 నుంచి అమ్మకానికొచ్చాయి. ఆండ్రాయిడ్ ఫోన్ల కోసం గూగుల్ 2018లో ఇంకో పద్ధతి ప్రకటించింది. దాని పేరు 'ఆషా'. పేరులో ఆశ ఉంది గానీ ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్లోనూ అది ఉండదు, ఫోన్ కంపెనీ పెడితేనే ఉంటుంది. మూడోది మామూలు బ్లూటూత్. ఫోనాక్ కంపెనీ 2018లో తెచ్చిన మార్వెల్ రకం ఇలాంటిదే. ఇవి దాదాపు ఏ ఫోన్‌తోనైనా కలుస్తాయి, కాకపోతే బ్యాటరీ ఎక్కువ తింటాయి. ఇక కొత్తగా వచ్చింది 'ఎల్ఈ ఆడియో'. 2022లో ఆండ్రాయిడ్ 13తో ఫోన్లలోకి రావడం మొదలైంది. బ్యాటరీ తక్కువ తింటుంది, మాట నాణ్యంగా ఉంటుంది. అయితే యంత్రంలోనూ ఫోన్లోనూ రెండింట్లోనూ ఉంటేనే పనిచేస్తుంది.

ఈ పేర్లన్నీ బట్టీ పట్టక్కర్లేదు. ఒక్క పని చేస్తే చాలు. యంత్రం ఎవరు పెట్టుకోబోతున్నారో వాళ్ల ఫోన్నే షాపుకి పట్టుకెళ్లండి. కొడుకుదీ అల్లుడిదీ కాదు, అమ్మదే! ఫోన్ మోడల్ నంబరు కాగితం మీద రాసుకుని, కంపెనీ ఇచ్చే ఫోన్ల జాబితాలో ఉందో లేదో చూపించమనండి. జాబితాలో ఉన్నా సరే, అక్కడే కూర్చుని ఇంటికొక కాల్ చేయించండి. తర్వాత వాట్సాప్ కాల్ విడిగా చేయించండి. మామూలు కాల్ చక్కగా వినబడి వాట్సాప్ దగ్గర మొరాయించే ఫోన్లున్నాయి. విదేశాల్లో ఉన్న పిల్లలతో మాటలన్నీ వాట్సాప్‌లోనే కదా!

మీ మాట అవతలివాళ్లకి ఎలా చేరుతోందో కూడా ఆ కాల్‌లోనే తేల్చుకోండి. కొన్ని యంత్రాలు మన గొంతుని కూడా తామే అందుకుంటాయి. ఫోన్ ఎక్కడో పెట్టి పప్పు కలుపుతూ మాట్లాడుకోవచ్చు. కొన్నింటితో అలా కుదరదు, వినడం చెవిలోనే అయినా మాట్లాడాలంటే ఫోన్ నోటి దగ్గర ఉండాల్సిందే. ఫోన్ మాట వస్తున్నంతసేపూ కుక్కర్ కూత, కాలింగ్ బెల్లు వినబడుతున్నాయా? వినబడకపోతే ఆడియాలజిస్టుకి చెబితే బయటి శబ్దం ఎంత రావాలో సరిచేస్తారు. ఇంకో తమాషా ఉంది. మనవడు అమ్మమ్మ ఫోన్లో కార్టూన్లు పెట్టాడంటే ఆ గోలంతా అమ్మమ్మ చెవిలోకే! మెసేజ్ వచ్చిన ప్రతిసారీ 'టింగ్' కూడా అంతే. ఇలాంటివి రాకుండా సెట్టింగుల్లో ఆపుకోవచ్చేమో షాపులోనే అడిగి చేయించుకోండి.

ఇక ఆడవాళ్లందరూ అడిగే ప్రశ్న... "బయటికి కనబడనిది లేదా?" ఉంది. చెవి లోపలికి పూర్తిగా దూరిపోయే బుల్లి యంత్రాలున్నాయి. కానీ అంత చిన్నదాంట్లో ఫోన్‌తో కలిపే భాగానికీ, దానికి సరిపడా బ్యాటరీకీ చోటెక్కడిది? అందుకే వాటిలో చాలావాటికి ఫోన్ మాట నేరుగా వినిపించే సదుపాయం ఉండదు. చెవి వెనక కూర్చుని సన్నటి తీగతో లోపలికి వెళ్లే రకమైతే ఆ సదుపాయం దొరుకుతుంది. జుట్టు కాస్త చెవుల మీదికి దువ్వుకుంటే అది ఎవరి కంటా పడదు. నా మాటడిగితే నలుగురూ చూస్తారని బుల్లిది కొనుక్కుని, మళ్లీ స్పీకర్ పెట్టి వీధంతా వినిపించడం కంటే ఇదే నయం. కళ్లజోడు, మాటీలు ఉన్నవాళ్లు వాటితో సహా పెట్టుకుని చూడండి. చెవి వెనక అన్నీ ఒకదాన్నొకటి ఒత్తుకుంటే రెండు రోజులకే తీసి బీరువాలో పడేస్తారు.

చార్జింగు రకమా, బ్యాటరీ మార్చే రకమా అన్నది వేళ్లని బట్టి తేల్చుకోవాలి. వినికిడి యంత్రం బ్యాటరీ పెసరబద్దంతే అనిపిస్తుంది. రంగు స్టిక్కరు పీకి లోపల పెట్టడం కీళ్లనొప్పులున్న చేతులకి కష్టం. అలాంటివాళ్లకి రాత్రి డబ్బాలో పెట్టి పొద్దున తీసుకునే చార్జింగు రకమే మేలు. ఫోన్ ఎక్కువ మాట్లాడితే ఏ రకమైనా త్వరగా అయిపోతుంది. 'రోజంతా వస్తుంది' అంటే ఎన్ని గంటల ఫోన్ మాటలతో కలిపి అని అడగండి. మన ఎండలకి, చెమటకి తడి చేరకుండా రాత్రిళ్లు ఆరబెట్టే డబ్బా కూడా తీసుకోండి.

చెవిపోగుల్లాంటి ఇయర్‌ఫోన్లతో పని జరగదా అని పిల్లలడుగుతున్నారు. ఆపిల్ కంపెనీ 2024 అక్టోబరులో తన ఎయిర్‌పాడ్స్ ప్రో 2కి వినికిడి సాయం చేసే సదుపాయం కలిపింది. అది పెద్దవాళ్లలో కొద్దిపాటి నుంచి ఓ మోస్తరు లోపం దాకా మాత్రమే. ఐఫోనో ఐప్యాడో కావాలి. పైగా పొద్దుట పెట్టుకుని రాత్రి దాకా ఉంచుకునేంత చార్జింగు ఉండదు. మొదలెట్టడానికి బాగుంటుందేమో గానీ పెద్దమ్మలాంటి వాళ్లకి చాలదు.

అమెరికా నుంచి తెప్పించుకునేవాళ్లు ఒకటి గమనించాలి. ఆ వారంటీ ఇక్కడ చెల్లుతుందా, ఇక్కడి సెంటర్లో సరిచేస్తారా అన్నది ముందే కనుక్కోండి. వినికిడి యంత్రం ఒకసారి పెట్టి వదిలేసేది కాదు, మొదటి రెండు మూడు నెలల్లో నాలుగైదుసార్లయినా వెళ్లి సౌండు సరిచేయించుకోవాలి. అందుకే యంత్రం కంటే ముందు మనిషిని చూసుకోండి. ముందు ఈఎన్‌టీ డాక్టరు (గుబిలి అడ్డుపడి వినబడనివాళ్లూ ఉంటారు సుమా), తర్వాత ఆడియోగ్రామ్, ఆ తర్వాతే యంత్రం. ఆడియాలజిస్టుకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. హైదరాబాద్ కోఠీలోనూ, విశాఖలోనూ ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రులున్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. అరవై దాటిన పేదలకి రాష్ట్రీయ వయోశ్రీ పథకం కింద వినికిడి యంత్రాలు ఉచితంగా ఇస్తారు. 2017లో ఆ పథకం మొదలైంది మన నెల్లూరు జిల్లాలోనే. కాకపోతే వాటిలో ఫోన్‌తో కలిసే సదుపాయాన్ని ఆశించకండి.

ఫోన్‌తో కలవని యంత్రమే ఉన్నా దిగులుపడక్కర్లేదు. చెవి వెనక యంత్రం పెట్టుకున్నవాళ్లు ఫోన్‌ని అలవాటుగా చెవి రంధ్రం దగ్గర పెట్టి 'కూయ్' మంటోందని తీసేస్తుంటారు. యంత్రం మైకు ఉండేది చెవి పైభాగాన. ఫోన్‌ని కాస్త పైకి జరిపి, అంగుళం ఎడంగా పట్టుకుని చూడండి. స్పీకర్ లేకుండానే సగం మాటలు అందుతాయి.

పెద్దమ్మ సంగతి చెప్పనేలేదు కదూ. ఆర్నెల్లు స్పీకర్‌తోనే గడిపాక మనవరాలు పాత ఐఫోన్ ఒకటి ఇచ్చి కలిపిపెట్టింది. ఇప్పుడు కూతురు ఫోన్ చేస్తే ఆవిడ డాబా మీదికి వెళ్లిపోతుంది. గంట దాకా దిగదు. ఏం మాట్లాడుకుంటారో కిందున్న మాకెవరికీ తెలియదు.