చేని చుట్టు పచ్చని కంచె

"కంచే చేను మేసినట్లు" అను సామెత మనమందరము ఎరిగినదే. ఏటేట వేయు కంపకంచె కూడ ఒక విధముగ చేనును మేయుచునే యున్నది. తుమ్మకంప నరుకుటకు, తోలుటకు, పాతుటకు కూలి అగును. వానకు నాని, చెదలు పట్టి, మరుసటి ఏటికది నేలపాలగును. దీనికి మారుగా ప్రాణమున్న కొమ్మలనే నాటినచో కంచె ఏటేట బలియును; పైగా చేనికి ఎరువు నిచ్చును.

ఇంగ్లండు వంటి చలిదేశములలో విల్లో అను చెట్టు కొమ్మలను నాటి, అల్లి, తోటలలో పచ్చని దడులు, పందిళ్లు పెంచుదురు. ఆ చలిదేశపు జాతులు మన మెట్ట పొలములకు తగవు. ఇక్కడ ఆ పనికి గ్లైరిసీడియా తగినది.

ఏ కొమ్మలు?

గ్లైరిసీడియాను గిరిపుష్పమనియు అందురు. మధ్య అమెరికా నుండి వచ్చిన ఈ చెట్టు చిక్కుడు కుటుంబమునకు చెందినది. గాలిలోని నత్రజనిని వేరుబుడిపెల ద్వారా గ్రహించును. కనుక దీని ఆకు మంచి పచ్చిరొట్ట. పశువులు మేయని కంచె కావలెనన్నచో వావిలి, అడ్డసరము కొమ్మలు నాటవచ్చును. కాడజెముడు సులభముగ నాటుకొనును గాని దాని పాలు కంటికి హాని. నేపాళపు గింజలు విషము. పిల్లలు తిరుగు చోట అది వలదు.

కోయుట, నాటుట

లేత కొమ్మ ఎండిపోవును. కనీసము ఆరు నెలల వయసు, ఒకటిన్నర అంగుళము లావు గల కొమ్మలను ఆరేసి అడుగుల పొడవున పదునైన కత్తితో కోయుడు. మొదలు ఏటవాలుగను, కొన సమముగను కోసినచో తలక్రిందుగ నాటు పొరబాటు జరుగదు.

తొలకరికి నేల నానిన వెంటనే నాటవలెను. ఈశాన్య ఋతుపవనమే ఆధారమైన నెల్లూరు వంటి జిల్లాలలో అక్టోబరు అనువైన కాలము. కొమ్మను సమ్మెటతో కొట్టి దింపరాదు. బెరడు చీలి కుళ్లును. గడ్డపారతో అడుగున్నర లోతు గుంట చేసి, కొమ్మ నుంచి, మన్ను వేసి కాలితో గట్టిగ త్రొక్కవలెను. అడుగున కొక కొమ్మ చొప్పున, ఒకటి కుడికి, ఒకటి ఎడమకు వాల్చి నాటి, కలిసిన చోట నారతో కట్టినచో అల్లిక కుదురును. నీరు నిలుచు పల్లములో నాటరాదు.

ఎకరము చేను నలుచదరముగ నున్నచో చుట్టుకొలత సుమారు 835 అడుగులు. అన్ని కొమ్మలు ఒకేసారి దొరకవు. మొదట ఒక వైపు, అనగా సుమారు 209 కొమ్మలు నాటుడు. రెండు మూడేండ్లలో మిగిలిన వైపులకు కొమ్మలు మీ కంచెనుండియే వచ్చును.

మొదటి ఏడే గండము

చిగురు వచ్చినంత మాత్రమున వేరు పట్టినట్లు కాదు. కొమ్మలో దాగిన ఆహారముతోనే మొదటి చిగురు పుట్టును. వేరు పట్టినదా యని లాగి చూచినచో అప్పుడే పుట్టుచున్న సన్నని వేళ్లు తెగును. వాన వెనుకబడినచో కుదుళ్లకు నీరు పోయవలెను.

రెండవ గండము మేకలు. గ్లైరిసీడియా చిగురును అవి మేయును. కావున కొత్త కంచె నాటితిమని పాత కంపను వంటచెరుకుకు తీయకుడు. ఒక ఏడు దానిని వెలుపల ఉంచినచో, లోపలి కంచె నిలద్రొక్కుకొనును. చచ్చిన కొమ్మల స్థానమున మరుసటి తొలకరికే వేరే కొమ్మలు నాటవలెను.

ఫలితము

ఏడాది గడచిన తరువాత రొమ్ము ఎత్తున కత్తిరించుడు. పిమ్మట ఏటికి రెండు మూడు మార్లు కోసిన రొట్టను దమ్ములో త్రొక్కవచ్చును, చెట్ల పాదులలో కప్పవచ్చును. పశువులకు ఇతర మేతతో కలిపి కొద్దికొద్దిగ అలవాటు చేయవచ్చును. గుఱ్ఱములకు మాత్రము పెట్టరాదు. ముళ్లతీగ కట్టదలచినచో లావెక్కిన కొమ్మలకు మేకుతో బిగించవలెను. చుట్టిన తీగను కాండము మ్రింగును.

నాటుటకు ముందు సరిహద్దు రాళ్లు చూచుకొని, పొరుగు రైతుతో మాట్లాడి, మీ హద్దుకు లోపలనే నాటుడు. గ్రామోద్యోగులు బడి ఆవరణలో ఒక వరుస పెంచినచో కొమ్మలకు ఊరి రైతులు దూరము పోనక్కరలేదు. ఈ ఏడు కంపకు పెట్టు కూలిలో కొంత పచ్చని కొమ్మకు పెట్టి చూడుడు.