గంటలు కాదు, గురి ముఖ్యం
(బ్యాంకు పరీక్షకు తయారయ్యే విద్యార్థులకు)

స్కాలర్‌షిప్ కోసం వచ్చే పిల్లలను "డిగ్రీ అయ్యాక ఏం చేస్తావు?" అని అడిగితే చాలామంది "బ్యాంకు పరీక్ష రాస్తాను సార్" అంటారు. ఎలా చదువుతున్నావంటే "రోజూ ఆరు గంటలు" అంటారు. నేనూ ఒకప్పుడు ఈ మాటే చెప్పి, మొదటిసారి పరీక్ష తప్పాను. గంటలు లెక్కపెట్టుకున్నాను గాని, ఆ గంటల్లో ఏమి వచ్చిందో చూసుకోలేదు.

క్లర్కు ఉద్యోగాలకు ఐ.బి.పి.ఎస్. 2025లో జరిపిన ప్రిలిమినరీ పరీక్షలో 100 ప్రశ్నలు. ఇంగ్లీషు 30, లెక్కలు 35, రీజనింగ్ 35. ఒక్కొక్క భాగానికి 20 నిమిషాలు. అంటే లెక్కల్లో ఒక ప్రశ్నకు సుమారు 34 సెకన్లు. తప్పు జవాబుకు పావు మార్కు కోత. 30 ప్రశ్నలు చేసి 12 తప్పితే వచ్చేది 15 మార్కులు. 22 మాత్రమే చేసి 2 తప్పితే 19.5 మార్కులు. కాబట్టి "బాగా చదవాలి" అనుకుంటే చాలదు. ఏది, ఎంత, ఎప్పటిలోగా అన్నది ముందే రాసుకోవాలి.

నిరుడు మా బళ్ళారిలో ఒక అమ్మాయి నోటుపుస్తకం తెచ్చి, "ఎన్ని మాక్ టెస్టులు రాసినా లెక్కల్లో 15 దాటడం లేదు సార్" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇద్దరం కూర్చుని తప్పిన 12 లెక్కలూ చూశాం. 5 కూడికల్లో, గుణకారాల్లో పొరపాట్లు. 4 పద్ధతి తెలియనివి. 3 సమయం చాలక ఊహించి పెట్టినవి. మూడు జబ్బులకు ఒకే మందు పనిచేయదు కదా!

అందుకని మూడు లక్ష్యాలు రాసుకున్నాం:

1. రోజూ పొద్దున 20 గుణకారాలు, 5 నిమిషాల్లో. 18 సరిగా రావాలి.

2. వారానికి ఒకే అధ్యాయం. 10 లెక్కల్లో 8 సరిగా వస్తేనే తరువాతి అధ్యాయం.

3. మాక్ టెస్టులో 40 సెకన్లకు దారి తోచని ప్రశ్నను వదిలేయాలి. ఊహించి జవాబు పెట్టకూడదు.

రాత్రి పడుకునే ముందు తేదీ, చేసినవి, ఒప్పులు, తప్పులు, పట్టిన సమయం ఒక పేజీలో వేయాలి. బ్యాంకులో రోజు ముగిసేసరికి క్యాష్ సరిపోకపోతే ఇంటికి వెళ్ళేవాళ్ళం కాదు. ఇదీ అంతే. ఆదివారం ఆ పేజీలు చూసి లక్ష్యం మార్చుకోవాలి. సులువుగా అందితే పెంచాలి, రెండు వారాలైనా అందకపోతే తగ్గించాలి. తగ్గించుకోవడంలో నామోషీ లేదు.

రెండు నెలలకు ఆ అమ్మాయి 21కి వచ్చింది. ప్రిలిమ్స్ గట్టెక్కింది, మెయిన్స్‌లో కొద్దిలో పోయింది. ఈసారి మళ్ళీ రాస్తోంది, ఎక్కడ దిద్దుకోవాలో తెలిసి రాస్తోంది.

మన పిల్లలకు ఇంకొక మాట. ఏ రాష్ట్రానికి దరఖాస్తు చేస్తే ఆ రాష్ట్ర భాష చదవడం, రాయడం, మాట్లాడడం రావాలి. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మాట్లాడే మనకు ఇది కలిసివచ్చే సంగతే. అయితే మాట్లాడడం వచ్చినంత బాగా రాయడం అందరికీ రాదు. రోజూ స్థానిక పత్రిక నుంచి పది పంక్తులు చూసి రాయడం కూడా మీ లక్ష్యాల్లో చేర్చండి.

ఈ రాత్రే ఒక పేజీ గీత గీసి మొదలుపెట్టండి. శుభమస్తు.